ఒక ముద్ద తక్కువ

సైదాబీకి నలభై ఆరేళ్ళు. రోజూ పొద్దున నైటీ జేబులో పిడికెడు వేయించిన చెనిక్కాయ విత్తనాలు పోసుకొని వాకిలి చిమ్ముతుంది. నాలుగుసార్లు పరక ఆడించడం, ఒక విత్తనం నోట్లో వేసుకోవడం. వాకిలి పెద్దది కాదు. విత్తనాలు అయిపోవాలి కాబట్టి నిదానంగా చిమ్ముతుంది.

అంగళ్ళలో అమ్మే నైటీలకు జేబులుండవు. జేబులో పెట్టుకునేంత సొంతమైనదేదీ ఆడమనిషి దగ్గర ఉండదని వాటిని కుట్టించేవాళ్ళ నమ్మకం. సైదాబీ తన రెండు నైటీలకూ జేబులు తనే కుట్టుకుంది. ఊదారంగుదానికి ఎర్ర జేబు, ఎర్రదానికి ఊదారంగు జేబు.

"ఏమ్మే, గుడ్డ చాల్లేదా?" అని ఎదురింటి సుంకమ్మ మొదటిరోజే అడిగింది.

"చాలింది అత్తా. నాకట్లా బాగుండాది."

సుంకమ్మ ఆ మాటను కాసేపు నమిలి చూసింది. గుడ్డ చాలక, దుడ్లు లేక, మొగుడు ఒప్పుకోక అనే జవాబులు ఆమెకు అరవై ఏళ్ళుగా తెలుసు. బాగుందని చేసుకున్నానన్న జవాబు కొత్తది. మరుసటి వారం తన నైటీ కూడా తెచ్చి, "నాకూ ఒక జేబు వెయ్యి. పచ్చది" అంది.

కుందుర్పిలో సైదాబీది ఒక్క గది ఇల్లు. ముందర రేకుల పంచ. పంచలో కూచుని బొంతలు కుడుతుంది. ఆమెది దూదేకుల ఇల్లు. తాత దూది ఏకాడు, నాయన పరుపులు కుట్టాడు. ఇప్పుడు పరుపులు లారీల్లో వస్తున్నాయి గాని, బొంతను లారీ తేలేదు. ఊరి ఆడవాళ్ళు పాత చీరలు మూటగట్టి తెస్తారు. సైదాబీ వాటిని ఏడు పొరలుగా పరిచి, లావు దారంతో వరసగా కుట్లు వేసుకుంటూ పోతుంది. ఎండ పంచలోకి వచ్చి కాలి బొటనవేలిని తాకగానే సూదిని బొంతకే గుచ్చి లేస్తుంది. అది సంగటికి ఎసరు పెట్టే వేళ.

సంగటి వండేది నాయనను కన్న జేజి ఇచ్చిన నల్లకుండలో. ఆ కుండ సంగతి ఇప్పుడు ఊళ్ళో అందరికీ తెలిసిందే. అందులో పిండి ఎంత పోసినా, వండే మనిషి మనసులో ఎంతమంది ఉంటే అన్నే ముద్దలు వస్తాయి. ఒకటి ఎక్కువ రాదు, ఒకటి తక్కువ రాదు. మిగిలిన పిండి ఏమవుతుందో ఎవరూ అడగలేదు. పోయినేడు కుళ్ళాయప్ప పెళ్ళాం తన కుండ పగిలిందని దీన్ని అడిగి తీసుకుపోయింది. మూడోనాడే వెనక్కి తెచ్చిచ్చింది.

"మంచి కుండే సైదాబీ. కానీ మా ఇంటాయనకు ముద్ద రాలేదు. మూన్నాళ్ళు" అంది. మొహంలో పెద్ద దిగులేమీ లేదు.

కుళ్ళాయప్ప ఆ మూన్నాళ్ళూ యేసన్న హోటల్లో తిన్నాడు. నాలుగో రోజు నుంచి పెళ్ళాన్ని వీధిలో నిలబెట్టి తిట్టడం మానేశాడు. కుండను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

పద్దెనిమిదేళ్ళప్పుడు నిఖా అయి వజ్రకరూరు పోతుంటే జేజి ఈ కుండను సైదాబీ ఒడిలో పెట్టింది. అత్తగారింట్లో తొమ్మిది మంది. అత్త, మామ, మొగుడు, ఇద్దరు మరుదులు, తోడికోడలు, ఆమె పిల్లలిద్దరు, సైదాబీ. మొదటిరోజు తొమ్మిది మందికీ పిండి పోసి గెలికింది. చెయ్యి తడుపుకుంటూ ముద్దలు చేసింది. ఎనిమిది వచ్చాయి. తొమ్మిదోదానికి చెయ్యి పెడితే అడుగు తగిలింది.

"కొత్త కదా, అందాజు తెలీదు" అని అత్త సర్దిచెప్పింది.

అందాజు ఇరవై ఏడేళ్ళయినా తెలియలేదు. రోజూ ఎనిమిదే. ఇంటికి చుట్టాలొస్తే వాళ్ళకీ వచ్చేవి, చిన్న మరిదికి పెళ్ళయితే కొత్త తోడికోడలికీ వచ్చింది, ఆమె కడుపులో బిడ్డకు కూడా అర ముద్ద వచ్చేది. తక్కువయ్యేది ఎప్పుడూ ఒకటే. సైదాబీ కుండలో నీళ్ళు పోసి, అడుగున అంటుకున్నది గోకి, ఉప్పేసుకొని తాగేది. కుండ పిసినారిది అనుకునేది. ఆ ఇంట్లో కుండను తప్పుబట్టడం తేలిక. పిల్లలు పుట్టలేదని తనను, వానలు రాలేదని దేవుణ్ణి, మిగతా అన్నింటికీ కుండను తప్పుబట్టేవాళ్ళు.

మొగుడు పోయిన తర్వాత కూడా రెండేళ్ళు ఆ పొయ్యి ముందే ఉంది. పోయినేడు ఒకరోజు మామ అన్నం ముందర కూచుని, "ఈయమ్మికి ఇంక ఈడ పనేముండాది, వంట తప్ప" అన్నాడు. అది నిజమేనని సైదాబీకి తోచింది. కుండను బొంతలో చుట్టుకొని, బట్టల ట్రంకు పెట్టె పట్టుకొని బస్సెక్కింది. కుందుర్పిలో ఉన్న అన్న ఫకృద్దీన్ ఈ గది చూపించాడు.

కొత్త గదిలో మొదటిరోజు ఒక్క మనిషికి సరిపడా పిండి పోసి వండింది. చెయ్యి తడుపుకొని కుండలో పెట్టింది. ఏమీ లేదు. ఎవరో నాకి కడిగిపెట్టినట్టుంది. రెండోరోజూ అంతే. మూడోరోజూ అంతే. మూడు రోజులూ బొరుగులు తిని నీళ్ళు తాగింది. మొగుడి ఇల్లు, అత్త పోరు, మరుదుల ఆకలి ఏవీ లేవు. అయినా ముద్ద లేదు.

నాలుగోరోజు సంగటి గెలికి మూత పెట్టి, ఊరుబిండి నూరడానికి చెనిక్కాయ విత్తనాలు వేయించింది. మాడీమాడని వాసన గది నిండా కమ్ముకుంది. రోట్లో ఎండుమిరపకాయ, చింతపండు, తెల్లగడ్డ పడ్డాయి. నూరుతూ నూరుతూ వేలితో తీసి నాలిక్కి రాసుకుంది. నోట్లో నీళ్ళూరాయి. 'నాకు ఆకలవుతాంది' అనుకుంది. ఊరికే అనుకుంది, ఎవరికో చెబుతున్నట్టు కాదు. కుండలో చెయ్యి పెడితే అరచేతి నిండా, వేడివేడిగా, నున్నగా ఒక ముద్ద తగిలింది.

సైదాబీ ఆ ముద్దను తినే తట్టలో పెట్టుకొని చాలాసేపు చూసింది. తరవాత మధ్యలో బొటనవేలితో గుంట చేసి, నెయ్యి వేసి, ఊరుబిండి అద్దుకొని తిన్నది. కుండ పిసినారిది కాదని, ఇరవై ఏడేళ్ళుగా తనను లెక్కలో వేసుకోనిది తనేనని అప్పుడు తెలిసింది. ఏడవాలా నవ్వాలా తేలక రెండో విడత నెయ్యి వేసుకుంది.

ఆ తర్వాతే జేబులు కుట్టుకున్నది. ఆ తర్వాతే కళ్యాణదుర్గం పోయి చిలకపచ్చ నూలుచీర కొనుక్కున్నది. మొగుడు పోయినప్పటి నుంచి ఆమెకు అందరూ ఇచ్చినవి బూడిదరంగు, గోధుమరంగు చీరలు. చూసేవాళ్ళ కంటికి హాయిగా ఉండాలని కాబోలు. చిలకపచ్చది పండగ్గాని, పెళ్ళిగాని లేని ఒక మంగళవారం కట్టుకొని, ఇంట్లోనే కూచుని, గూట్లో ఉన్న ఒక తట్ట, ఒక గ్లాసు, రెండు గిన్నెలూ కడిగి బోర్లించుకుంది. నీళ్ళు నాలుగురోజులకొకసారి వదిలే ఊరు. రెండు బిందెలు పడితే ఆమెకు నాలుగురోజులూ జరిగిపోయేది. బిందె నిండేదాకా కొళాయి పక్కన నిలబడి కూనిరాగం తీసేది. తన కోసం కూడా ఒక బొంత కుట్టుకుంది. అది కప్పుకుంటే పడమటి గాలికి రేకులు ఎంత మోగినా వినపడేది కాదు.

ఇట్లా పది నెలలు గడిచాక ఫకృద్దీన్ వచ్చాడు. అన్న మంచివాడే. మంచివాళ్ళకు కాదని చెప్పడం మరీ కష్టం.

"సైదా, చిలమత్తూరులో ఒక సంబంధముండాది. హబీబుల్లా అని. యాభై ఐదు. పరుపుల అంగడి. పెండ్లాం పోయి రెండేళ్ళాయె. తాగడు, కొట్టడు."

తాగకపోవడం, కొట్టకపోవడం మగవాడి సుగుణాలుగా చెలామణి అయ్యే రోజులు ఇంకా పోలేదు.

"ఇంట్లో ఎవురెవురుంటారు?" అని సైదాబీ అడిగింది.

"ఇద్దరు కొడుకులు, ముసలి నాయన. వండిపెట్టే దిక్కు లేదు పాపం. నువ్వు మాత్రం ఒంటిగా ఎన్నాళ్ళుంటావమ్మీ? జనం నన్ను అడుగుతాండారు."

జనం అతన్ని ఏమడిగారో, అతను ఏం చెప్పాడో సైదాబీ అడగలేదు. పుట్టినప్పటి నుంచి అన్నకు ఆమె ఇచ్చిన జవాబు ఒకటే. నోరు దాన్ని తనంతట తనే పలికేసింది.

"నీ ఇష్టం అన్నా."

అతను పోయాక సైదాబీ గది నాలుగు మూలలూ చూసింది. చిలమత్తూరులో అత్తగారు లేదు గాని ముగ్గురు మగవాళ్ళు, ఒక ముసలాయన. మళ్ళీ నాలుగు ముద్దలు. ఐదోదాని చోట అడుగు. ఆ మధ్యాహ్నం ఆమె కుట్టిన వరస వంకర పోయింది. విప్పి మళ్ళీ కుట్టింది. మళ్ళీ వంకరే పోయింది.

హబీబుల్లా అక్క నాజ్‌నీన్ ఫోన్లో ఒక షరతు పెట్టింది. కుండ మాట చిలమత్తూరు దాకా పాకింది. "ఆ ఇంటి కుండలో ముద్ద తిన్నాకే మాట ఖాయం" అంది. సైదాబీ మొదటి నిఖాకు ముందు కూడా అట్లాగే జరిగింది. అప్పుడు వాళ్ళమ్మ వండితే వచ్చిన చుట్టాలందరికీ ముద్దలు దండిగా వచ్చాయి.

ఫకృద్దీన్‌కు గుబులు పుట్టింది. చెల్లెలి మొహం అతను చూశాడు. ఆమె వండితే ఏమవుతుందో చెప్పలేడు. ఆలోచించి ఒక ఉపాయం చేశాడు.

"నువ్వు పొయ్యి దగ్గరికి పోవద్దు. షబీనా వండుతాది" అన్నాడు.

షబీనా అతని భార్య. ఇరవై రెండేళ్ళ కాపురంలో మొగుడి మాటకు ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పని ఆడదాని తలలో తన మాటే ఉంటుందని ఫకృద్దీన్ అనుకున్నాడు. మగవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

శుక్రవారం నమాజు అయినాక హబీబుల్లా, నాజ్‌నీన్ వచ్చారు. హబీబుల్లా పొడుగ్గా, కొంచెం వంగి ఉన్నాడు. చెప్పులు వాకిట్లో జతగా సర్ది పెట్టాడు. నాజ్‌నీన్ వచ్చీరాగానే గది కొలతలు తీసినట్టు చూసింది. సుంకమ్మను ఎవరూ పిలవలేదు, ఆమె వచ్చి గడప పక్కన కూచుంది.

సైదాబీ చిలకపచ్చ చీర కట్టుకుంది. గోధుమరంగుది కట్టుకోమని అన్న చెప్పాడు గాని, ఈ ఇంట్లో ఇదే ఆఖరు అనుకుంది.

"పచ్చ చీరనా?" అంది నాజ్‌నీన్.

"వెలిసిన రంగు చీరలు కట్టుకోనీకి యాభై ఏండ్లు దాటనీలేమ్మా, ఇంకా టైముండాది" అంది సుంకమ్మ.

లోపల షబీనా పొయ్యి ముందర కూచుని ఉంది. కోడి పులుసు పొద్దున్నే చేసింది. ఊరుబిండి నూరింది. ఇప్పుడు ఎసట్లో నూకలు ఉడుకుతున్నాయి. ఆరుగురికి లెక్క చూసి రాగిపిండి పోసింది. ఇద్దరు చుట్టాలు, మొగుడు, సుంకమ్మ, సైదాబీ, తను. పిండి మధ్యలో కట్టెతో గుంట పెట్టి, మూత వేసి, మగ్గనిచ్చింది. తరవాత కుండను రెండు పాదాల మధ్య బిగించి గెలికింది. చెమట కారి కళ్ళల్లో పడుతుంటే మోచేత్తో తుడుచుకుంది. పంచలో కూచున్న సైదాబీకి తలుపు సందులోంచి ఆమె వీపు, అటూ ఇటూ ఊగే జడ కనపడుతున్నాయి. వదిన జాకెట్టుకు వీపున కుట్లు పోయి ఉన్నాయని అప్పుడే గమనించింది. వదిన బట్టలు ఎప్పుడూ చూడలేదు తను. వదిన తినడమూ ఎప్పుడూ చూడలేదు.

"అయిందా?" అని ఫకృద్దీన్ కేకేశాడు.

"అవుతాంది."

అందరూ గడపలోకి వచ్చి నిలబడ్డారు. కుండలో ముద్దలు తీసేది చూడాలిగదా. షబీనా చెయ్యి నీళ్ళల్లో ముంచి కుండలో పెట్టింది. తిప్పి తిప్పి మొదటి ముద్ద తీసి తట్టలో పెట్టింది. గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉంది.

"మాషా అల్లా" అంది నాజ్‌నీన్.

రెండో ముద్ద తీసింది. మళ్ళీ చెయ్యి తడిపి లోపల పెట్టింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. కుండ అడుగున గోరు గీరిన చప్పుడు అందరికీ వినపడింది.

"తియ్యి" అన్నాడు ఫకృద్దీన్.

"లేదు."

"లేదంటే?"

"ఇంక లేదు. రొండే."

ఫకృద్దీన్ వంగి కుండలోకి చూశాడు. కడిగినట్టుంది. "పిండి తక్కువేసినావా?"

"ఆరుగురికేసినా. డబ్బా చూసుకో పో."

"మరి రొండేంది? ఎవురెవురికి?"

షబీనా చేతి తడి కొంగుకు తుడుచుకుంది. తట్టలో ముద్దలను చూస్తోంది. మొహం ఎర్రబడింది, పొయ్యి వేడికి కాదు. ఎవరివైపూ చూడకుండా, "సైదా పొద్దున్నించీ ఏం తినలేదు" అంది. ఆగి, ఇంకా చిన్నగా, "నేనూ తినలేదు" అంది.



"ఇదేం మర్యాదప్పా!" అంది నాజ్‌నీన్ గొంతు పెంచి. "అంత దూరం నుంచి బస్సుల్లో వచ్చిన మనుషులకు ముద్ద లేదా? ఇంటికొచ్చే కోడలికి మనసు లేదనేగా!"

"వండింది కోడలు కాదు కదమ్మా" అంది సుంకమ్మ, "వండిందీయమ్మి. కోడలి మనసు ఇంకా ఎవురూ అడగనే లేదు."

అప్పుడు ఫకృద్దీన్ చెల్లెలి వైపు తిరిగాడు. చాలా ఏళ్ళ తర్వాత నిజంగా చూస్తున్నట్టు చూశాడు. "సైదా? నువ్వు చెప్పు."

సైదాబీ నోట్లో 'నీ ఇష్టం అన్నా' అనే మాట తయారుగా ఉంది. పెదాల దాకా వచ్చింది. ఆమె తట్టలో రెండు ముద్దలను చూసింది. ఒకటి తనది. వదిన చేతులు తనను లెక్కేశాయి. ఇరవై ఏడేళ్ళు తన చేతులు చేయని పనిని, ఎప్పుడూ నాలుగు మాటలు కూడా మాట్లాడుకోని మనిషి చేతులు చేశాయి. మాట వెనక్కి పోయింది.

"నాకొద్దు అన్నా" అంది.

పుట్టి బుద్ధెరిగాక అన్నతో ఆమె ఆ మాట అనడం అదే మొదలు. అనేసి చెవులు రిక్కించి విన్నది. పిడుగేమీ పడలేదు. గోడ మీది కాకి కూడా లేవలేదు. వీధిలో పాత ఇనుము కొనేవాని మైకు "పాత ఇనుప సామాన్లు..." అని మామూలుగానే అరుచుకుంటూ పోయింది.

"మా ఇల్లు విడిచి యాడికీ రాను. నాకీడ బాగుండాది" అంది మళ్ళీ. రెండోసారి ఇంకా తేలిగ్గా వచ్చింది.

"ఎవురితో చెప్పమంటావు, మాటిచ్చినా కదమ్మీ!" అన్నాడు ఫకృద్దీన్. కోపం కంటే దిక్కుతోచనితనమే ఎక్కువుంది గొంతులో.

హబీబుల్లా దగ్గాడు.  "నాతోనే చెప్పాల్సింది. నాతో చెప్పేసింది కదన్నా" అన్నాడు. గోడకు ఆనుకొని కింద కూచున్నాడు, ఎవరో బరువు దించినట్టు. "నిజం చెప్తా. నాకూ మా అక్కే చెప్పింది. నేనూ 'నీ ఇష్టం' అనే అంటిని."

"ఒరే!" అంది నాజ్‌నీన్.

"గమ్మునుండక్కా. మా ఇంటామె ముప్పై ఏండ్లు మాకు వండింది. ఆమె ఎప్పుడు తినిందో, ఏం తినిందో చెప్పమంటే నాకు తెలీదు. ఈ కుండ మా ఇంట్లో ఉండుంటే ముద్దలెన్ని వచ్చేవో." కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. తరవాత షబీనా వైపు చూసి, "చల్లారితే గట్టిపడతాది తల్లీ. తినండి మీరు" అన్నాడు.

షబీనా మొగుడి వైపు చూసింది. ఫకృద్దీన్ కుండ వైపు చూశాడు. కుండ ఎవరి వైపూ చూడలేదు.

"కూచో వదినా" అంది సైదాబీ.

గూట్లోంచి నెయ్యి గిన్నె తీసింది. రెండో తట్ట లేదు కాబట్టి ఇద్దరూ ఒకే తట్టకు అటూ ఇటూ కూచున్నారు. ముద్దల మధ్యలో గుంటలు చేసి, నెయ్యి పోసి, కోడి పులుసు వడ్డించుకున్నారు. మగవాళ్ళు చూస్తుండగా, చుట్టాలు ఆకలితో ఉండగా, ఆ ఇంటి ఆడవాళ్ళిద్దరు ముందు తిన్నారు. షబీనా మొదటి కబళం తలొంచుకొని మింగింది. రెండోది మెల్లగా నమిలింది. మూడోదానికి, "ఊరుబిండిలో ఉప్పు సరిపోయింది గదా?" అని అడిగింది.

"శానా బాగుండాది."

"నేనెప్పుడూ వేడిమీద తిన్లేదు. చల్లారినాక ఉప్పు తెలీదు" అంది షబీనా.

మిగతావాళ్ళకు ఏం పెట్టాలో తేలక ఫకృద్దీన్ స్కూటరు తీశాడు. యేసన్న హోటల్ నుంచి నాలుగు పొట్లాల బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. ఇరవై రెండేళ్ళలో అతను ఇంటికి కూడు తేవడం అదే మొదలని షబీనా తరువాత లెక్క చెప్పింది. హబీబుల్లా ఉగ్గానిలో కోడి పులుసు పోసుకొని తిని, ఇది బాగుందే అన్నాడు. పోయేముందు, సంగటికి నూకలెన్ని, పిండెంత, ఎంతసేపు మగ్గాలి అని సుంకమ్మను అడిగి ఫోన్లో రాసుకున్నాడు. నాజ్‌నీన్ రెండు బజ్జీలు తిన్నాక మూడోది అడిగింది. బస్సు టైమయ్యేసరికి సైదాబీ దగ్గరున్న బొంతను నాలుగుసార్లు తిప్పి చూసి, "కుట్లు చిన్నచిన్నగా బాగున్నాయి" అంది. అంతకు మించి ఆమె నుంచి ఆశించడం తప్పు.

అందరూ పోయాక సైదాబీ పచ్చ చీర విప్పి, మడిచి, పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టింది. ఊదారంగు నైటీ తొడుక్కుంది. జేబులో పొద్దుటి విత్తనాలు నాలుగు మిగిలి ఉన్నాయి. వాకిట్లో కూచుని ఒక్కొక్కటే తిన్నది. వంకరపోయిన కుట్ల వరస విప్పి, మళ్ళీ కుట్టింది. ఈసారి తిన్నగా వచ్చింది.

ఫకృద్దీన్ రెండు నెలలు మాట్లాడలేదు. మూడో నెల వచ్చి, పంచలో కూచుని, దూరంగా కొండ మీద తిరిగే గాలిమరల వైపు చూసి, "మీ వదినకు రవిక కుట్టియ్యాలంట. కొత్తది" అని గుడ్డ ఇచ్చాడు. గుడ్డ ఎర్రది. తనే పోయి తెచ్చానని చెప్పలేదు గాని, అంత ఎరుపు షబీనా తీసుకోదు.

సైదాబీ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. పై ఏడు నల్లకుండను షబీనాకిచ్చేసింది. తనకు కళ్యాణదుర్గంలో రెండు లీటర్ల కుక్కరు కొనుక్కుంది.